"బెజవాడకి దక్షిణాన 12 మైళ్లు": పాత చీటీని ఎలా చదవాలి?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

కృష్ణా ముఖద్వారం దగ్గరి మడ అడవుల్లో బతికే నీటి పిల్లి (ఫిషింగ్ క్యాట్) గురించి పోయిన సంచికలో రాశాం. ఒకప్పుడు అది డెల్టాలో ఎంత లోపలిదాకా ఉండేదో తేల్చాలంటే మ్యూజియంలలో దాచిన తోళ్లూ పుర్రెలే గట్టి ఆధారమని అందులో ఒక్క వాక్యం అన్నాం. విజయవాడ, గుంటూరు నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఆ ఒక్క వాక్యం పట్టుకుని అడిగినవే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. మ్యూజియంలో దాచిన తోలునీ పుర్రెనీ నమూనా అంటాం. అది ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసి దానికి కట్టిన కాగితమే చీటీ.

ప్రశ్న: ఫలానా జంతువు ఫలానా చోట ఉండేదని పాత పుస్తకాల్లో రాశారు. ఊళ్లో పెద్దవాళ్లూ చెబుతారు. ఇంకా వందేళ్లనాటి తోలుతో పనేముంది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తోలుని మళ్లీ పరీక్షించవచ్చండీ. మాటని పరీక్షించలేం. తేడా అంతా అక్కడే ఉంది.

"బావురు పిల్లి" అన్న పేరే తీసుకోండి. ఒక ఊళ్లో అది నీటి పిల్లి. ఇంకో ఊళ్లో చెరుకు తోటల్లో తిరిగే మామూలు అడవి పిల్లి. మరోచోట పునుగు పిల్లిని కూడా అలాగే పిలుస్తారు. చెప్పిన పెద్దాయన అబద్ధం చెప్పలేదు, కానీ ఆయన చూసింది ఏ జంతువో మనకి తెలియదు. ఇంగ్లీషు దొరల పుస్తకాల్లోనూ ఇదే చిక్కు. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి రాశారు, చివరికి పది పుస్తకాల్లో కనిపించేది ఒకే ఒక మాట.

నీటి పిల్లి విషయంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఆ జంతువు ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో ఉందని చాలాకాలం పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. 2009లో కొందరు పరిశోధకులు ఆ ఆధారాలన్నీ ఒక్కొక్కటిగా తిరగేస్తే గట్టిగా నిలబడినది ఒక్కటీ లేదు. పక్కనే ఉన్న జావా సంగతి వేరు. అక్కడి తీరప్రాంతపు నమూనాల ఆధారంగా సోడీ అనే శాస్త్రవేత్త 1936లో ఒక ఉపజాతినే వర్ణించాడు. రైజోఫోరా అనే మడ చెట్టు పేరు మీద దానికి రైజోఫోరియస్ అని పేరు పెట్టాడు. ఇవాళ జావాలో ఆ పిల్లి కనిపించడం గగనమే. అయినా ఒకప్పుడు ఉండేదన్న విషయాన్ని ఎవరూ కాదనలేరు.

మన రాష్ట్రంలో చిత్తూరు జిల్లాలో చీతాని చూసినట్టు 1950ల మొదట్లో ఒక నమోదు ఉంది. చూసినవారు నిజమే చెప్పి ఉండవచ్చు. కానీ తోలూ పుర్రే లేవు కాబట్టి దాన్ని మ్యాపు మీద ప్రశ్నార్థకంతో పెట్టాల్సిందే.

తోలు ఉంటే పొరపాటు పేరు కూడా తర్వాత సరిదిద్దుకోవచ్చు. 1948లో తమిళనాడులోని హై వేవీ కొండల్లో పట్టిన ఒక గబ్బిలాన్ని మామూలు పండ్ల గబ్బిలంగా గుర్తించి బొంబాయి మ్యూజియంలో పెట్టారు. రెండు దశాబ్దాల పైన అది ఆ పేరుతోనే పడి ఉంది. థాయిలాండ్ శాస్త్రవేత్త తొంగ్‌లోంగ్యా పరిశీలించి, అది అప్పటిదాకా ఎవరికీ తెలియని జాతి అని గుర్తించి, 1972లో దానికి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పేరు పెట్టాడు. ఆ నమూనాని పారేసి ఉంటే చీటీ మీది తప్పు పేరే శాశ్వతమయ్యేది.

ప్రశ్న: మ్యూజియంల ఆన్‌లైన్ జాబితాల్లో "బెజవాడకి 12 మైళ్లు దక్షిణం, కిస్ట్నా జిల్లా" తరహా రాతలు కనిపిస్తున్నాయి. ప్రాజెక్టు కోసం వీటిని మ్యాపు మీద పెట్టాలి. గూగుల్ మ్యాపులో కొలిచి చుక్క పెట్టేస్తే సరిపోతుందా?
– పీజీ విద్యార్థిని, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: సరిపోదమ్మా. పెట్టాల్సింది చుక్క కాదు, వృత్తం. మీరు రాసిన మాటలనే ఉదాహరణగా తీసుకుని లెక్క కడదాం.

ముందు జిల్లా పేరు. 1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా చేశారు. 1904లో గుంటూరు మళ్లీ విడిపోయింది. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడింది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, అదే తర్వాత ప్రకాశం. 2022లో ఎన్టీఆర్, బాపట్ల, పల్నాడు. కాబట్టి 1880 నాటి చీటీ మీద "కిస్ట్నా" అంటే అది మాచర్లా కావచ్చు, బాపట్లా కావచ్చు. అదే మాట 1910 నాటి చీటీ మీద ఉంటే గుంటూరు వైపు ఊళ్లన్నీ తీసేయవచ్చు. తేదీ తెలియకుండా జిల్లా పేరు చదవకూడదు.

ఆ తేదీ దగ్గరే చాలామంది బోర్లా పడతారు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం పాత నంబర్లు 12.3.8.5 అన్నట్టు ఉంటాయి. చూస్తే తేదీలా ఉంటుంది. తేదీయే, కానీ జంతువు దొరికిన తేదీ కాదు. 1912 మార్చి 8న రిజిస్టరులో ఎక్కించిన అయిదో వస్తువు అని దాని అర్థం. జంతువుని అంతకు ముప్పై ఏళ్ల ముందు చంపి ఉండవచ్చు. సేకరించిన తేదీ చీటీ మీద విడిగా ఉంటుంది, లేకపోతే లేదనే రాసుకోవాలి.

ఇక దూరం. 12 మైళ్లంటే 19.3 కిలోమీటర్లు. బెజవాడ నడిమధ్య నుంచి సూటిగా దక్షిణానికి కొలిస్తే దుగ్గిరాల దగ్గర పడుతుంది. ఇప్పుడు సందేహాలు ఒక్కొక్కటీ కలపండి. జంతువుని పట్టి చీటీ రాసిన సేకర్త కొలిచింది రైల్వే స్టేషన్ నుంచా, కృష్ణ ఒడ్డు నుంచా? దానికి 2 కిలోమీటర్లు. 12 అన్నది 11 కావచ్చు, 13 కావచ్చు. దానికి ఇంకో 1.6. అసలు పెద్దది దిక్కు. ఆ సేకర్త తన మిగతా చీటీల మీద ఆగ్నేయం, నైరుతి లాంటి మాటలు కూడా వాడి ఉంటే, అతని దక్షిణం అటూ ఇటూ 22.5 డిగ్రీల లోపల ఉంటుంది. 19.3 కిలోమీటర్ల దూరాన అది 7.5 కిలోమీటర్ల పక్కవాటు. మూడూ కలిపితే సుమారు 11 కిలోమీటర్లు. అంటే దుగ్గిరాల కేంద్రంగా గీసిన వృత్తం అంచున తెనాలి కూడా వస్తుంది.

అతను నాలుగే దిక్కులు వాడే మనిషైతే పక్కవాటు 15 కిలోమీటర్లకి పెరుగుతుంది, వృత్తం 18 దాటుతుంది. అప్పుడు పడమర కాజ, తూర్పున నది అవతలి తోట్లవల్లూరు రెండూ లోపలే. పిల్లి కృష్ణకి ఏ గట్టున దొరికిందో కూడా చెప్పలేం! అందుకే ఒక్క చీటీ చూసి ఊరుకోకుండా ఆ సేకర్త రాసిన చీటీలు కనీసం ఇరవై ముప్పై తిరగేయమంటాం. అతని అలవాటు తెలిస్తే వృత్తం బాగా తగ్గవచ్చు. అదే నెలలో అతను పట్టిన ఎలుకలూ గబ్బిలాలూ కూడా చూడండి. ముందురోజు ఎక్కడ డేరా వేశాడో, మర్నాడు ఎక్కడున్నాడో వాటి చీటీలే చెబుతాయి. 12 మైళ్లు రోడ్డు వెంట లెక్కేసి ఉంటే, సూటి దూరం అంతకన్నా తక్కువే ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

అక్షాంశ రేఖాంశాలు రాసేటప్పుడు 16.336214 అని ఆరు దశాంశాలు వేయకండి. ఆరో దశాంశం అంటే 11 సెంటీమీటర్లు. 11 కిలోమీటర్ల సందేహం ఉన్న చోట జానెడులో సగం కచ్చితత్వం చూపించడం చదివేవాళ్లని తప్పుదోవ పట్టించడమే. 16.34 అని రాసి, పక్క గడిలో సందేహం 11 కి.మీ. అని రాయండి. చీటీ మీది మాటలు ఉన్నవి ఉన్నట్టు ఒక గడిలో, మీ వ్యాఖ్యానం ఇంకో గడిలో ఉండాలి. "మసులిపటామ్"ని మచిలీపట్నంగా, "కొలైర్"ని కొల్లేరుగా దిద్దడం రెండో గడిలోనే. గూడూరు లాంటి పేరు వస్తే ఆగండి. కృష్ణాలో ఒకటి, నెల్లూరు వైపు ఒకటి, కర్నూలు వైపు ఒకటి ఉన్నాయి.

సేకర్త ఉద్యోగం చేసిన ఊరిని జంతువు ఊరుగా రాయడం మరో పెద్ద తప్పు. వాల్టర్ ఎలియట్ 1845 నుంచి ఉత్తర సర్కారుల కమిషనరుగా గుంటూరులో ఉన్నాడు. అమరావతి శిల్పాలు తవ్వించినవాళ్లలో ఆయన ఒకరు. ఆయన పేరుతో వాటర్‌హౌస్ అనే ఇంగ్లీషు జంతుశాస్త్రవేత్త 1850లో వర్ణించిన జంతువొకటి ఉంది. చూడటానికి ఉడతలా ఉండే మద్రాస్ ట్రీ ష్రూ. ఎలియట్ ఉన్నది గుంటూరు కదా అని దాన్ని గుంటూరుకి కట్టబెట్టకూడదు. అసలు నమూనా కడప, నెల్లూరు మధ్య కొండల్లోది. ఓడరేవుల విషయంలో ఇంకా జాగ్రత్త. కేరళ మలబార్ పునుగు పిల్లి నమూనాలు అక్కడి అడవులవేనా, లేక పునుగు వ్యాపారం కోసం తూర్పు దేశాల నుంచి తెచ్చిన జంతువులవా అని పరిశోధకులు 2010లో గట్టిగానే ప్రశ్నించారు. మచిలీపట్నం, మద్రాసు అని మాత్రమే ఉన్న చీటీలకీ ఇదే అనుమానం వర్తిస్తుంది. జంతువు దొరికింది అక్కడ కాకపోవచ్చు, ఓడ ఎక్కింది అక్కడ కావచ్చు.

ప్రశ్న: ఒక జాతికి మా జిల్లా నుంచి ఒక్క నమూనా కూడా లేదంటే అది ఇక్కడ లేనట్టేనా?
– డిగ్రీ విద్యార్థి, లబ్బీపేట, విజయవాడ

జవాబు: కాదు. సేకర్తలు బండి బాట, రైలు బాట, కాలవ గట్టు పట్టుకుని తిరిగారు. బురదలో మోకాలి లోతు దిగి రాత్రిపూట తిరిగే పిల్లిని పట్టినవాళ్లు తక్కువ. అదే ప్రాంతంలో, అదే కాలంలో, అదే రకం బోనులతో మిగతా చిన్న మాంసాహారులు ఎన్ని దొరికాయో లెక్క చూడండి. ముంగిసలు, పునుగు పిల్లులు, అడవి పిల్లులు డజన్లకొద్దీ ఉండి నీటి పిల్లి సున్నా అయితే ఆ సున్నాకి కొంత అర్థం ఉంది. అవీ లేకపోతే అక్కడికి ఎవరూ వెళ్లలేదనే అర్థం.

ప్రశ్న: మా కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో పాత సీసాలు, నాలుగు తోళ్లు, కొన్ని పుర్రెలు ఉన్నాయి. చీటీలు వెలిసిపోతున్నాయి, కొన్ని సీసాల్లో ద్రవం సగానికి దిగింది. కొత్త చీటీలు అంటించి, స్పిరిట్ నింపేయమంటున్నారు. చేయవచ్చా?
– అధ్యాపకురాలు, గుంటూరు

జవాబు: దయచేసి పాత చీటీ ఒక్కటి కూడా తీయకండి. ఎంత చిరిగినా, చదవరాకపోయినా. నమూనా విలువంతా ఆ కాగితం ముక్కలోనే ఉంది. అది పోతే మిగిలేది ఊరూ పేరూ లేని ఎముక.

మొదట ప్రతి చీటీకి రెండు వైపులా ఫోటో తీయండి. కాంతి నేరుగా కాక పక్కనుంచి, తక్కువ ఎత్తులో పడేలా పెడితే సిరా పోయినా కలం గీసిన గాడి కనిపిస్తుంది. తర్వాత కాలేజీ పాత స్టాకు రిజిస్టర్లు వెతకండి. సీసా మీద నంబరు మాత్రమే ఉంటే, ఊరూ తేదీ రిజిస్టరులోనే దొరుకుతాయి. పాత ఫర్నిచరుతో పాటు వాటిని అమ్మేయకుండా చూడండి. కొత్త చీటీ నూలు కాగితం మీద, పెన్సిలుతో గానీ ఇండియన్ ఇంకుతో గానీ రాసి, దారంతో కట్టండి. బాల్ పెన్ సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. జెరాక్స్, లేజర్ ప్రింటు అక్షరాలు ద్రవంలో రేకుల్లా ఊడతాయి. జిగురు బొద్దింకలకి మేత. సీసాకైతే చీటీ లోపలే ఉండాలి. బయట అంటించినది మూత మారినప్పుడో సీసా మారినప్పుడో తప్పిపోతుంది.

ద్రవం సంగతి. సీసాలో ఉన్నది ఫార్మలినా, ఆల్కహాలా తెలియకుండా ఏదీ పోయకండి. వాసనతో తేల్చబోవద్దు, ఫార్మలిన్ ఆవిరి ముక్కుకీ కళ్లకీ హాని చేస్తుంది. ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కింద, లేదంటే కిటికీలన్నీ తీసి, నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని కొద్దిగా ద్రవం తీసి పరీక్షించాలి. ఆల్కహాలే అయితే అందులో ముందుగా ఆవిరయ్యేది ఆల్కహాలే కాబట్టి మిగిలినది నీళ్లలా పలచబడి ఉంటుంది. దాని మీద 70 శాతం పోస్తే మొత్తం 70కి రాదు, 50 దగ్గరే ఆగిపోవచ్చు, నమూనా మెత్తబడుతుంది. ఆల్కహాల్ మీటరుతో కొలిచి, తగ్గిన మేరకు ఎక్కువ శాతం ఉన్నది కలపాలి, లేదా పూర్తిగా మార్చాలి. 95 శాతం స్పిరిట్‌తో లీటరు 70 శాతం ద్రవం కావాలంటే 737 మిల్లీలీటర్లు తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో లీటరుకి తేవాలి. ఈ 95 శాతం స్పిరిట్‌నే రెక్టిఫైడ్ స్పిరిట్ అంటారు, దానికి ఎక్సైజ్ అనుమతి కావాలి. అది దొరకలేదని హార్డ్‌వేర్ షాపు డీనేచర్డ్ స్పిరిట్ పోయకండి, నీళ్లు తగిలితే పాలలా తెల్లబడవచ్చు. ఫార్మలిన్ నుంచి ఆల్కహాలుకి మార్చాలంటే ఒకటి రెండు రోజులు నీళ్లలో ఉంచి, నీళ్లు మారుస్తూ, తర్వాత 30, 50, 70 శాతాలకి మెట్టుమెట్టుగా వెళ్లాలి. ఒక్కసారిగా మారిస్తే చర్మం ముడుచుకుపోతుంది.

తోళ్ల దగ్గర గోధుమరంగు పొట్టు, నేలమీద రాలిన వెంట్రుకలు కనిపిస్తే పురుగు పట్టినట్టు. ఒక్కో తోలునీ చీటీతో సహా గాలి చొరకుండా పాలిథిన్ సంచిలో కట్టి, సున్నాకి దిగువ 20 డిగ్రీల డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పవద్దు. మన ఊళ్ల ఉక్కలో చల్లటి తోలు మీద వెంటనే తడి పడుతుంది, దాంతో బూజు. ఇంటి ఫ్రిజ్ పైగది అంత చల్లబడదు, అందులో పెట్టి పని అయిపోయిందనుకోకండి.

ప్రశ్న: మా తాతగారి కాలంనాటి ఒక పిల్లిజాతి తోలు, పుర్రె ఇంట్లో ఉన్నాయి. శుభ్రం చేసి విజయవాడ మ్యూజియంకి ఇద్దామని అనుకుంటున్నాం.
– గృహిణి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మంచి ఆలోచనమ్మా, కానీ శుభ్రం చేయకండి. ఆనాటి తోళ్లకి పురుగు పట్టకుండా ఆర్సెనిక్ సబ్బు పూసేవారు. అది నూరేళ్లయినా విషమే. దులిపితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. పిల్లలకి అందని చోట పెట్టండి, ముట్టుకోవాల్సి వస్తే గ్లవ్స్, ఎన్95 మాస్కు తప్పనిసరి.

ఇచ్చే ముందు చట్టం చూడాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటివి దగ్గర ఉంచుకోవడానికి యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. అమ్మడం కుదరదు. చోటు మార్చాలన్నా ముందుగా అటవీశాఖతో మాట్లాడాలి. డివిజన్ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయండి. విజయవాడ బాపు మ్యూజియం పురావస్తువులది. జంతువుల నమూనాలకి జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా సరైన చోటు. దానికి హైదరాబాద్‌లో, చెన్నైలో కేంద్రాలున్నాయి.

ఈలోగా ఒక్క పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరుంటే వాళ్లని కూర్చోబెట్టి, అది ఎక్కడ, సుమారు ఏ ఏడాది, ఎవరు కొట్టారో రాయండి. "తాతగారు రేపల్లెలో పనిచేసేటప్పుడు" అన్న మాట కూడా పనికొస్తుంది. విన్న మాట విన్నట్టు, చెప్పింది ఎవరో రాయండి. ఊహించి ఊరి పేరు నింపకండి.

ప్రశ్న: అంత పాత తోలు నుంచి డీఎన్ఏ తీయవచ్చా?
– ఇంటర్ విద్యార్థి, విజయవాడ

జవాబు: తీయవచ్చు. కాలి వేళ్ల కింది మెత్తలోంచి చిన్న ముక్క గానీ, పుర్రె లోపల ముక్కు భాగంలోని పలచటి ఎముక గానీ చాలు. కాకపోతే డీఎన్ఏ వంద, రెండు వందల అక్షరాల చిన్న తునకలుగా విరిగి ఉంటుంది. ఫార్మలిన్‌లో నానినవి మరీ కష్టం. ముక్క కోసే ప్రతిసారీ నమూనా కొంత పోతుంది కాబట్టి మ్యూజియంలు ఊరికే ఇవ్వవు.

ప్రశ్న: నిజాంపట్నం వైపు రోడ్డు మీద బండి కింద పడి చచ్చిన చుక్కల పిల్లి కనిపించింది. పుర్రె తెచ్చి కాలేజీకి ఇస్తే రికార్డు అవుతుందా?
– బైకు మీద తిరిగే పాఠకుడు, పట్టాభిపురం, గుంటూరు

జవాబు: తేకండి. చచ్చినా అది ప్రభుత్వ ఆస్తే. దొరికిన 48 గంటల్లోపు పోలీసు స్టేషనుకో అటవీ అధికారికో తెలియజేయాలని చట్టం. నీటి పిల్లి అయితే మొదటి షెడ్యూలు జంతువు, అంటే చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితాలోది. శరీరాన్ని మ్యూజియంకి పంపాలా వద్దా అన్నది అటవీశాఖ నిర్ణయం. మీరు చేయాల్సింది ఫోటోలు.

ముందు ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేయండి. పక్కన రూపాయి బిళ్లో, స్కేలో పెట్టండి. పక్కవాటుగా మొత్తం శరీరం ఒకటి. తోక మొదలు నుంచి కొస దాకా ఒకటి. చెవి వెనకభాగం ఒకటి. ముందు పాదం అడుగు వైపు ఒకటి, కర్రతో వేళ్లు విడదీసి తీయాలి. చేత్తో తాకొద్దు. నుదుటి నుంచి మెడ దాకా పైనుంచి ఇంకొకటి.

నీటి పిల్లి అయితే బూడిద ఆకుపచ్చ కలిసిన ముతక బొచ్చు, ఒంటి మీద వరసలుగా పొడుగు మచ్చలు, నుదుటి నుంచి మెడ మీదుగా నల్లటి చారలు ఉంటాయి. తోక లావుగా, పొట్టిగా, శరీరంలో మూడోవంతు పొడవుంటుంది. చెవులు చిన్నవి, గుండ్రనివి, వెనకవైపు నలుపు మధ్య తెల్లటి బొట్టు. ముందు పాదం వేళ్ల మధ్య సగం దాకా పలచటి పొర, లోపలికి లాగినా కొస బయటే ఉండే గోళ్లు. మామూలు అడవి పిల్లి పెద్దదయ్యాక ఒంటి మీద మచ్చలుండవు. కాళ్ల మీద మాత్రం లీలగా చారలుంటాయి, తోక కొస నలుపు, చెవి కొసన చిన్న నల్ల కుచ్చు. దాని పిల్లకి ఒళ్లంతా చారలుంటాయి, చాలామంది పొరబడేది అక్కడే. మూతి కోసుగా, తోక నిండా ఉంగరాలతో పొడుగ్గా ఉంటే అది పునుగు పిల్లి.

మీ ఉత్తరంలో "నిజాంపట్నం వైపు" అని మాత్రమే ఉంది. ఏ ఊరు దాటాక, ఎన్నో కిలోమీటరు రాయి దగ్గర, రోడ్డుకి కాలవ ఏ పక్కన ఉందో, ఏ తేదీన, ఎన్ని గంటలకి చూశారో గుర్తున్నంతవరకు ఇవాళే రాసి పెట్టండి.